తోలు వెయ్యని పుస్తకం

ఫోన్ చెవి దగ్గర పెట్టుకోకముందే బావమరిది అరుపు వినిపించింది.

"బావా! ఏం లేదట! తీసేసిన గడ్డ మామూలు గడ్డేనట! రిపోర్టు నా చేతిలోనే ఉంది. ఇంకో ముప్ఫై ఏళ్ళు మా అక్క నిన్ను భరించాల్సిందే!"

"ఊఁ" అన్నాడు బైండరు.

"ఊఁ ఏంటి బావా? ఆస్పత్రిలో పది రాత్రులు నీ గురక భరించినవాణ్ణి, నేనే ఇక్కడ గంతులేస్తున్నాను! అక్కేదీ? ఏడుస్తోందా?"

బైండరు వంటింటి వైపు చూశాడు. భార్య అంతా వింది. "మంచిది" అంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

"గిన్నె తుడుస్తోంది" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

పాపం, బెదిరిపోయింది అనుకున్నాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇంతే. వేళకి మందులిస్తుంది, దిండు సర్దుతుంది, మాట మాత్రం ముక్తసరి. తనకీ అలాగే ఉంది. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఒంట్లోంచి ఇంకా మత్తు దిగనట్టుంది.

గోడ పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు. అదే వాళ్ళ పుస్తకాల బైండింగు షాపు. మూడు వారాలు మూసి ఉన్నా ఉడికించిన జిగురు వాసన పోలేదు. కిటికీ ఎండలో కాగితపు పొడి బంగారంలా తేలుతోంది. ఇంకెప్పుడైనా అయితే నిలబడి చూసేవాడు.

పై అరలోంచి ఒక మూట దించి గుడ్డ విప్పాడు. రెండు చెక్కల మధ్య పలచటి పుస్తకం, దాని మీద ఇంకా అంటించని ఎర్ర తోలు. తోలు అంచుల్ని కత్తితో పలచగా గీకితేనే అట్ట మీద మడత కుదురుతుంది. గడ్డ చెడ్డదైతే ఆరు నెలలే అని డాక్టరు అన్న రెండు వారాలకి, గీకుతుంటే కత్తి జారి ఒక మూల తెగిపోయింది. అక్కడితో ఆపేసి ఆస్పత్రిలో చేరాడు.

అందులో నాలుగు ఫారాలున్నాయి. ఫారమంటే పదహారు పేజీల మడత. నాలుగింటి నిండా అతని చేతిరాతే. ముప్ఫై ఏళ్ళుగా దాచిన సంగతి, తను పోయాక భార్య చదవాలని రాశాడు.

పెళ్ళయిన రెండో నెలలో ఆమెకి టీచరు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్ళో. ఆ ఉత్తరం ముందుగా అతని చేతిలో పడింది. కొత్త పెళ్ళాం. ఆమె నవ్వితే ఆ పూట జిగురు కూడా మల్లెపూల వాసన వేసేది. ఎలా పంపుతాడు? ఎవరిదో నిఘంటువు బైండు చేస్తూ, దాని అట్ట పొరల మధ్య ఉత్తరాన్ని పెట్టి అంటించేశాడు. ఆమె ఏడాదిపాటు పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడింది. తర్వాత వచ్చి కుట్టు చట్రం ముందు కూర్చుంది. అప్పటి నుంచి ఇరవై తొమ్మిదేళ్ళుగా కోత, జిగురు, తోలు అతనివి. కుట్టు ఆమెది.

ఈ ఒక్క పుస్తకం మాత్రం ఆమెకివ్వలేదు. కుట్టాలంటే ప్రతి ఫారాన్నీ మధ్యకి తెరవాలి. తెరిచాక చదవకుండా వదిలే మనిషి కాదామె. అందుకే "లాయరుగారి రహస్య కాగితాలు, ముట్టుకోకు" అని చెప్పి, ఆమె ఇంట్లో లేనప్పుడు తనే కుట్టాడు. కోడి కెలికినట్టు వచ్చాయి కుట్లు.

తను పోయాక చదివితే, తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండడు. ఇప్పుడు ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాడట. ఇది చదివితే ఆమె ఉంటుందా? పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళిపోదూ? ఆమె లేని ఈ గదిని ఊహించబోయాడు. ఏమీ అనిపించలేదు. వేలికి సూది గుచ్చుకున్నా తెలియనంత మొద్దుగా ఉంది లోపల.

చింపెయ్యాలి. అంతే.

తోలు ఎత్తబోతుంటే భార్య వచ్చింది. మాత్రలు, నీళ్ళు బల్ల మీద పెట్టింది. అతను గబుక్కున తోలు మీద అరచెయ్యి వేశాడు.

"మంచం దిగొద్దన్నారు కదా, అప్పుడే పనా?"

"పనేం లేదే. ఇది... ఆ లాయరుగారిది. ఇక అక్కర్లేదట. చింపేద్దామని."

"అయ్యో పాపం, లాయరుగారు! అంత కష్టపడి దాచుకుని ఇప్పుడు వద్దన్నారా?"

"మనసు మారిందేమో."

"ఎప్పుడు మారింది? ఇందాకేనా?"

అతను మాత్ర నోట్లో వేసుకున్నాడు. గ్లాసెడు నీళ్ళూ తాగేశాడు.

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"తోలు మూల కూడా తెగిపోయింది" అన్నాడు అతను, చూపు దించుకుని. "కుట్టు మరీ అధ్వానం. నీ చెయ్యి కాదుగా. ఉంచి ఏం లాభం?"

"మూలకి అతుకు వెయ్యొచ్చు" అంది ఆమె నెమ్మదిగా. "ఆ వంకర కుట్లన్నీ మీరు ఆస్పత్రిలో ఉండగానే విప్పి నాలుగు ఫారాలూ నేనే తిన్నగా కుట్టేశాను గానీ, రేపు పొద్దున్నే ఇంకో పదహారు పేజీలు మడిచివ్వండి, నేనూ రాయాలి."