కొంగ కట్టిన గోడ

మడుగులో నల్లపీతా ఎర్రపీతా డెక్కలెత్తి గుద్దులాటకు దిగాయంటే, బోదురయ్య అనే కప్పకు ఒళ్ళు తెలిసేది కాదు. గట్టెక్కి గొంతు చించుకునేవాడు. ఆ సంబరం చూసిన కొంగ, ఆట జరిగేచోటు చుట్టూ బురదగోడ కట్టేసింది.

"లోపలికి రావాలంటే ఒక పురుగు," అంది. బోదురయ్య ఇచ్చాడు.

"అది గోడ దాటడానికే. ఆట చూడాలంటే ఇంకోటి."

అదీ ఇచ్చాడు.

"ఇవాళ పెద్ద ఆట కదా, దీనికి వేరే!"

"మా కడుపులు మాడ్చి నీ కడుపు నింపాలా తల్లీ?" అని మండిపడి బోదురయ్య బయటికొచ్చేశాడు. వాడి వెనకే కప్పలన్నీ వచ్చేశాయి.

లోపల పీతలు డెక్కలెత్తాయి. ఒక్క కేకా లేదు. ఎర్రపీత డెక్క దించేసింది.

"ఏంట్రా ఈ చావుకళ? మనవాళ్ళేరీ?"

"గోడవతల," అంది నల్లపీత.

గట్టుకు బొక్క పెట్టడం పీతలకు ఒకరు నేర్పాలా? మట్టి జలజలా రాలింది. రెండూ గోడకింద దూరి కప్పల నడుమ తేలాయి.

"కొట్టరా నల్లోడా!" బోదురయ్య కేకకు మడుగంతా మోగిపోయింది.

కొంగ గోడమీంచి మెడ చాచింది. "ఆపండి! వీళ్ళెవరూ పురుగివ్వలేదు!"

నల్లపీత డెక్క విసురుతూనే అడిగింది. "మరి నువ్వేమిచ్చావమ్మా, అంత మెడ చాచి చూస్తున్నావు?"