గీత పడని గుర్రం

“అట్ట మీద ఒక్క లోగోకే చోటుందండీ,” అంది రచయిత్రి. “మీ రెక్కల గుర్రమా, ఆయన కంచు గంటా అన్నది ఈరోజే తేల్చేయాలి.”

మూతపడిన సినిమా కంపెనీల మీద ఆవిడ పుస్తకం రాస్తోంది. పాత ఫిల్ములు దాచే ఆ చల్లటి గదిలో బల్లకు ఇవతల మాజీ నిర్మాత, అవతల ఆయన బావమరిది కూర్చున్నారు. బావమరిదీ మాజీ నిర్మాతే. కాకపోతే ఆయన ఆరు హిట్లు తీశాక మాజీ అయ్యాడు. ఈయన మూడు సినిమాలకే ఆ హోదా సంపాదించుకున్నాడు.

తెరమీద కంచు గంట ఊగితే చాలు, హాలు హాలంతా “ఠంగ్!” అని అరిచేది. ఆ సంగతి నిర్మాత భార్య ఇప్పటికీ వారానికోసారి గుర్తు చేస్తుంది. తమ్ముడి కంపెనీ కదా, నోరారా చెబుతుంది. మొగుడి గుర్రం గురించి మాత్రం, “అద్దె గుర్రం, పరిగెత్తమంటే గడ్డి మేసింది” అని ఒక్క ముక్కలో సరిపెట్టేస్తుంది. అందులో అబద్ధమూ లేదు. లోగో తీసిన రోజు గుర్రం కదలకపోతే చివరికి కెమెరానే పరిగెత్తించారు. దానికి కట్టిన అట్ట రెక్కల్లో ఒకటైతే రెండుసార్లు ఊడిపోయింది కూడా. అయినా సరే, ఈ ఒక్కసారి గెలిచి, ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాలని నిర్మాతకి ప్రాణం కొట్టుకుంటోంది.

రచయిత్రి ముందుగా బావమరిది రీలు విప్పి, కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద పరిచింది. ఫిల్మ్ నిండా గీతలే. లోగో ఉండేది రీలు మొదట్లో. మెషిన్‌కి ఎక్కించిన ప్రతిసారీ ముందు అరిగేదీ, తెగేదీ ఆ ముక్కే. తెగినప్పుడల్లా ఆపరేటరు కాస్త కత్తిరించి అతికిస్తాడు. అలా కత్తిరించగా కత్తిరించగా గంటకి మిగిలినవి పదకొండు ఫ్రేములు. తెరమీద అర సెకను కూడా రాదు.

“ఇంకెక్కడా లేదామ్మా?” అన్నాడు బావమరిది, జలుబు ముక్కు తుడుచుకుంటూ. రుమాల్లోంచి నీలగిరి తైలం వాసన గుప్పుమంది.

“లేదండీ. దొరికిన ప్రింట్లన్నీ చూశాను. ఇవే ఆఖరివి.”

తర్వాత గుర్రం రీలు విప్పింది. మచ్చుకైనా ఒక్క గీత లేదు. గుర్రం నోట్లో గడ్డిపరక కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

“నిన్ననే తీసినట్టుందే! నలభై ఏళ్ళు ఇంత భద్రంగా ఎలా ఉంచారండీ?”

నిర్మాతకి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా బావమరిది మొహం చూసి వెనక్కి పోయింది. ఏదో ఒకటి చెప్పాలి. ముక్కుకి తగిలిందే నోటికొచ్చింది.

“నీలగిరి తైలం,” అన్నాడు.

“తైలమా?”

“నెలకోసారి మెత్తటి గుడ్డ మీద నాలుగు చుక్కలు. మెల్లగా, పసిపిల్ల వీపు తుడిచినట్టు తుడవాలి. ఓపిక కావాలమ్మా. హిట్లదేముంది, ఎవరైనా తీస్తారు. కాపాడుకోవడంలోనే ఉంది అసలు సంగతి.”

ఆ చివరి మాట ఎక్కువైందని ఆయనకే అనిపించింది. కానీ రచయిత్రి అప్పటికే రాసేసుకుంది.

“అయితే అట్ట మీద గుర్రమే,” అంది.

బావమరిది తన ఫిల్మ్ ముక్కని దగ్గరికి జరుపుకున్నాడు.

“ఈ కిటుకు నాకు అప్పుడే చెప్పకపోయావా బావా,” అన్నాడు. “పోనీలే. ఈ పదకొండైనా మిగుల్చుకుంటాను.”

జేబులోంచి చిన్న సీసా తీసి, మూత తిప్పి, రుమాలు మీద వంచి రెండుసార్లు దులిపాడు. రుమాలు పట్టుకుని అద్దపు బల్ల మీదికి వంగాడు.

తైలం తగిలితే రంగు నిలుస్తుందో, ఊడి వస్తుందో నిర్మాతకేం తెలుసు? జన్మలో ఫిల్మ్ తుడిచిన పాపాన పోలేదు. రుమాలు గంటకి జానెడు దూరంలో ఉంది. ఒకప్పుడు హాలు వెనక చీకట్లో నిలబడి, ఎవరూ చూడకుండా తను కూడా “ఠంగ్!” అని అరిచిన గంట అది.

“ఆగరా!” అని చెయ్యి పట్టేసుకున్నాడు. “తైలం లేదు, గియిలం లేదు!”

“మరి?”

“నీకంటే ఎక్కువుండాలని ఆఖరి సినిమాకి ఇరవై ప్రింట్లు వేయించాన్రా. ఒక్కటే హాల్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం ఆటకి వెళ్ళి, సాయంత్రం ఆటకల్లా ఇంటికొచ్చేసింది. మిగతా వాటికి ఆ శ్రమ కూడా లేదు. ఈ రీలు డబ్బాలోంచి బయటికి రావడం ఇదే మొదలు. దీన్ని ఎవరూ చూడలేదు. అందుకే గీత పడలేదు.”

రచయిత్రి కలం ఆగిపోయింది.

“రాసుకోమ్మా, ఉన్నదున్నట్టు రాసుకో. అట్ట మీద వాడి గంటే వెయ్యి, ఆ గీతలతో సహా. నా గుర్రాన్ని లోపలెక్కడో ఓ మూల కట్టేయ్. గడ్డి మేస్తూ పడుంటుంది.”

నిర్మాతకి సిగ్గుగానూ ఉంది, ఎందుకో హాయిగానూ ఉంది. ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలా అని మాత్రం దిగులు పట్టుకుంది.

బావమరిది మెల్లగా చెయ్యి విడిపించుకుని, సీసాని తలకిందులు చేసి చూపించాడు. అందులోంచి చుక్క కూడా రాలలేదు.

“ఇది పొద్దున్నే అయిపోయింది బావా,” అన్నాడు. “నీ ప్రింట్ల సంగతి నాకు తెలియదనుకున్నావా? ఆ మధ్యాహ్నం ఆటకి టిక్కెట్టు కొన్నది నేనొక్కణ్ణేగా!”