అద్దం అవతలి శ్రోత

రేడియో మైకు ముందు కూర్చున్న మొదటి రోజే పాటగాడి నోరు ఎండిపోయింది.

కొత్తవాడేం కాదు. ఇరవై ఏళ్లు హోటళ్లలో, క్లబ్బుల్లో, పెళ్లిళ్లలో పాడినవాడు. మైకును పెదాలకు ఆనించి మెల్లగా రాగం తీస్తే స్పూన్ల చప్పుడు ఆగిపోయేది. అభిమానులు ముద్దుగా ‘సిల్కు గొంతు’ అనేవారు. తర్వాత పెళ్లిళ్లకు డీజేలొచ్చారు, హోటళ్లలో పెద్ద టీవీలొచ్చాయి. అతని బ్యాండులో డ్రమ్ములవాడు డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాడు. గిటారువాడు మామగారి పెయింట్ల షాపులో కూర్చున్నాడు. సిల్కు గొంతు రేడియోలో తేలాడు.

మధ్యాహ్నం గంటసేపు కార్యక్రమం. కబుర్లు చెప్పాలి, ప్రకటనలు చదవాలి, మధ్యమధ్య రికార్డులు వెయ్యాలి. పాడకూడదు.

"పాటలకు రికార్డులున్నాయి. మాకు కావాల్సింది మాట," అన్నాడు స్టేషన్ డైరెక్టరు. "మూడు నెలలు చూద్దాం. కుదరకపోతే మీ దారి మీది, మా దారి మాది."

చిక్కేమిటంటే, ఎదురుగా మొహాలు లేకపోతే అతనికి మాట పెగలదు. స్టేజీ మీదైతే ముందు వరసలో ఒక్కరు తలూపినా ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ నాలుగు గోడలు, వాటికి మెత్తలు. తలొంచుకుని కాగితం చూసి చదివేశాడు.

"ఎవరో మెడమీద కత్తి పెట్టి చదివిస్తున్నట్టుందండీ," అంది భార్య, అతను ఇంటికి రాగానే.

"నాకూ అలాగే ఉంది. ఈ ఉద్యోగం కూడా ఊడేలా ఉందే," అన్నాడు. ఆ మాట అంటుంటే అతనికి నిజంగానే భయం వేసింది.

వారం గడిచాక ఒక రోజు కాగితం మీంచి తలెత్తాడు. స్టూడియోకీ కంట్రోల్ రూముకీ మధ్య పెద్ద అద్దం ఉంది. అవతల సౌండ్ ఇంజనీరు ఉంటాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతికింద మీటలు, కళ్లెదుట శబ్దం హెచ్చుతగ్గులకు ఊగే ముల్లు. నడి వయసు మనిషి. వరండాలో పలకరిస్తే ‘ఆ’, ‘ఊ’ తప్ప పలకడు. వట్టి బండరాయి అని పేరు. ఆ బండరాయి ఇప్పుడు చెంపకు చెయ్యి ఆనించుకుని, కళ్లు విప్పార్చుకుని, ముందుకు వంగి మరీ వింటున్నాడు.

పాటగాడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కాగితం పక్కన పడేశాడు. ఆ రోజు నుంచి లోకాన్నంతా వదిలేసి ఆ ఒక్క మొహానికే చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ మొహాన్ని మెప్పించడం అంత తేలిక కాదు. మంచి జోకు వేస్తే కదలడు. మామూలు మాటకు పగలబడి నవ్వుతాడు. లోతైన మనిషి, పైపై మాటలకు లొంగడు అనుకుని పాటగాడు జోకులు తగ్గించి మామూలుగా మాట్లాడటం నేర్చుకున్నాడు. ఒకసారి నీళ్ల సరఫరా ఆగిపోయే వీధుల పేర్లు చదువుతుంటే ఇంజనీరు జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

"నీళ్లు రావంటే ఏడ్చాడా ఆయన?" అంది భార్య.

"నీళ్లకు కాదే, గొంతుకు. ఈ గొంతుతో ఏం చదివినా గుండెకు తగులుతుంది," అన్నాడు. గొప్పలు పోవడంలో అతనికి మొహమాటం లేదు.

ఉద్యోగం ఖాయమైంది. ఏడాది తిరిగేసరికి దర్జీ షాపుల్లో, సెలూన్లలో మధ్యాహ్నమైతే అతని గొంతే. ‘అచ్చం మనతోనే మాట్లాడుతున్నట్టుంటుంది’ అనుకునేవారు జనం.

అప్పుడు పక్క వీధిలోని మరో స్టేషన్ వాళ్లు కబురు పెట్టారు. సరిగ్గా అదే గంటకు వాళ్ల దగ్గరికి రమ్మన్నారు. ఆ టైములో వేస్తున్నదేదో ఆపేసి ఇతనికిస్తారట. వెనక బ్యాండు పెడతారట. సొంత పాటలు పాడుకోవచ్చట.

పాడుకోవచ్చు అన్న మాటను ఇంటికొచ్చి భార్యకు రెండుసార్లు చెప్పాడు.

"ఇంకేం ఆలోచిస్తారు, వెళ్లండి," అంది భార్య. "మీరు పాడగా విని ఎన్నాళ్లయిందో."

మర్నాడు స్టూడియోకి వెళ్లగానే ఇంజనీరుకు చెప్పాడు. అతనికి చెప్పకుండా వెళ్లడానికి మనసొప్పలేదు.

"అవతలి స్టేషన్‌కి వెళ్తున్నానండీ. ఇదే టైముకి. అక్కడ వస్తున్నది ఆపేసి నాకిస్తున్నారు."

ఇంజనీరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెళ్లకండి సార్," అన్నాడు. అతని నోట ఒక పూర్తి వాక్యం రావడం అదే మొదలు. "దండం పెడతాను. ఇంట్లో ఎన్ని గొడవలున్నా ఆ గంట వింటే అన్నీ మర్చిపోతాను. మీరు వెళ్తే నాకు అదీ ఉండదు."

కళ్లమ్మట నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

"ఒక్క మనిషి కోసం పాట వదులుకుంటారా?" అంది భార్య ఆ సాయంత్రం.

"ఇరవై ఏళ్లు పాడాను. మానేస్తుంటే వద్దన్నవాడు ఒక్కడూ లేడు. వీడొక్కడే అన్నాడే," అన్నాడు పాటగాడు. అవతలి స్టేషన్‌కి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. బ్యాండు గుర్తొచ్చి లోపల కలుక్కుమంది, కానీ మనసు నిండుగానే ఉంది.

మర్నాడు మైకు ముందు కూర్చుని, ఎన్నడూ మాట్లాడనంత గొప్పగా మాట్లాడాడు, కళ్లు అద్దం మీదే పెట్టుకుని.

అద్దం అవతల ఇంజనీరు, ఏడాదిగా రోజూ చేస్తున్నట్టే, ఒక కన్ను ముల్లు మీద వేసి, హెడ్‌ఫోన్లలో పక్క వీధి స్టేషన్ పెట్టుకుని, ఆగిపోబోయి బతికి బయటపడిన సీరియల్ నాటకంలో ఆ రోజు భాగం వినసాగాడు.