ఎవరి వంట వాళ్లదే

ఆటో దిగిన ముసలమ్మ చేతిలోని సంచి అందుకోబోయాడు దయాకర్.

ఆమె గబుక్కున వెనక్కి లాక్కుంది.

"నువ్వు బరువులు మొయ్యకు బిడ్డా."

"ఇది నా పనేనమ్మా."

"ఎవలి పనైతేంది. జెర పైలంగుండు."

ఆటో జీవరాజు నవ్వాడు. "బంగారం తెచ్చినట్టున్నది సార్. తొవ్వ పొడుగునా నన్ను సుత ముట్టనియ్యలే."

సంచిలోంచి పుంటికూర కట్టలు తొంగిచూస్తున్నాయి.

దయాకర్ ఉండేది తిరుమలగిరిలో. ఆపరేషన్ అయ్యాక బేగంపేటలో ఉద్యోగం మానేశాడు. బొల్లారం దాటి లోపలికి పోతే ఎర్రగుంటపల్లి. అక్కడొక పాత పెంకుటిల్లు కొని, బాగుచేయించి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తున్నాడు. పొయ్యి, గిన్నెలు, మంచాలు ఉంటాయి. వంట మాత్రం ఎవరిది వాళ్లే చేసుకోవాలి.

వచ్చేవాళ్లంతా కార్లలో, పిల్లాజెల్లాతో వస్తారు. ముతక చీర కట్టుకుని, ఒంటరిగా వచ్చింది ఈ బుచ్చమ్మ ఒక్కతే.

"మీతోని ఇంకెవరన్న వస్తరా అమ్మా?"

"వచ్చెటోళ్లు ఎవలున్నరు? ఒక్క పూట వండుకొని పోత."

"ఒక్క పూట వంటకు ఇంత దూరమొచ్చిన్రా?"

ఆమె అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. దయాకర్‌కు ఎటూ తోచలేదు. గ్యాస్ పొయ్యి ఎలా వెలిగించాలో చూపించి బయటికొచ్చేశాడు.

ఇంతలో భార్య హిమజ ఫోన్ చేసింది.

"కేక్ చెప్పిన. సాయంత్రం జల్దీ రండి. ఇయ్యాల మీ రెండో పుట్టినరోజు, యాదికున్నదా?"

"ఎట్ల మర్చిపోత?"

ఆపరేషన్ అయి ఆ రోజుకు ఏడాది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాకిలంతా వెల్లుల్లి పోపు వాసన. బుచ్చమ్మ విస్తరి వేసి పిలిచింది. అన్నం, పుంటికూర పప్పు, పక్కన సర్వపిండి. విస్తరి ఒక్కటే ఉంది.

"కూసో బిడ్డా."

"మీరు తినుండ్రి. ఇక్కడ ఎవరి వంట వాళ్లదే."

"నా కొడుకుకు ఇవంటే పానం. వాడు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఒక్క ముద్ద తిను, సాలు."

దయాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తన మంచిరోజున తద్దినం భోజనమా? ఆ మాట పైకి అనలేదు.

"బయటి తిండి ముట్టొద్దన్నరు డాక్టర్లు. ఆ విస్తరి పిట్టకు పెట్టున్రి. పిట్ట ముడితే మీ కొడుకు తిన్నట్టే గదా."

"పిట్టకెందుకు పెడ్త? పిట్టకు పెట్టేది సచ్చినోళ్లకు."

"ఇప్పుడే గదమ్మా, పోయిండంటిరి."



"వద్దులే. చెప్తే నీకు బరువైతది."

విస్తరి అతని వైపు జరిపి, "మల్లేడాదికి నేనుండ. అందుకే అడిగిన. ఒక్క మెతుకు తిను బిడ్డా," అంది.

దయాకర్ తల అడ్డంగా ఊపాడు.

ఆమె కూడా తినలేదు. గిన్నెలు కడిగి బోర్లించింది, పొయ్యి తుడిచింది. జీవరాజు ఆటో రాగానే బయటికి నడిచింది. ఎక్కబోతూ అతని ఛాతీ వైపు చెయ్యి చాపింది. అతను బిగుసుకుపోవడం చూసి ఆ చెయ్యిని కొంగులో దాచుకుంది.

"పైలం," అంది, అంతే.

వంటింట్లో విస్తరి అలాగే ఉంది. ముసలితనం, మతి తప్పింది పాపం అనుకున్నాడు దయాకర్. ఆమె చెయ్యాల్సిన పని తానే చేసిపెట్టాడు. విస్తరిని ప్రహరీగోడ మీద ఉంచి, దూరంగా నిలబడి కాకిని పిలిచాడు.

వెంటనే వాలింది. ఆమె కొడుకు తిన్నాడులే అని తృప్తిపడి, తాళం వేసి, కేక్ కొయ్యడానికి ఇంటికి పోయాడు.

వానలు పడ్డాక జీవరాజు ఎవరినో దింపడానికి వచ్చాడు.

"ఆ పుంటికూర అమ్మ పోయింది సార్. నిన్న వాళ్ల ఊరికి కిరాయి పోతే చెప్పిన్రు. కడుపుల కాన్సరంట."

"అయ్యో."

"ఒక్కడే కొడుకుండె. బైక్ మీంచి పడితే తలకాయకు తగిలింది. ఇగ లేవడని డాక్టర్లు చెప్తే, కండ్లు, కిడ్నీలు అన్ని ఇచ్చేసిందంట. గుండె పెట్టించుకున్నాయన ఫోటో పేపర్ల చూసిందంట. సచ్చేలోపల ఆయనకొక్క పూట వండిపెట్టాలె అన్నదంట. ఆయన దొరికిండో లేదో, పాపం."

దయాకర్ ప్రహరీగోడ వైపు చూశాడు. గోడ తడిసి నల్లగా ఉంది.

అతని చెయ్యి చొక్కా మీదికి పోయింది. లోపల బుచ్చమ్మ కొడుకు గుండె కొట్టుకుంటూనే ఉంది.