కర్టిస్‌ను లేపండి

వెర్నా పింగాణీ కంచాలు తుడుస్తూ టీవీలో వచ్చే వాతావరణ ఛానెల్‌ను తిట్టిపోస్తోంది. "ఒకప్పుడు పది నిమిషాలకోసారి మన ఊరి గాలీ వానా చెప్పేది. ఛానెల్‌ను కొత్తవాళ్లు కొన్నాక రాత్రంతా బంగారం తవ్వేవాళ్ల కథలే! సుడిగాలి వచ్చిన రాత్రీ అవే వేశారు. నా కొడుకు కర్టిస్ ఆ చక్రాల ఇంట్లో, ట్రెయిలర్‌లో, నిద్రలోనే పోయాడు."

"టీవీ పెట్టడమెందుకు, తిట్టడమెందుకు? కట్టెయ్," అన్నాడు భర్త డెల్బర్ట్.

"పొద్దున్నే కట్టేశాను."

ఇద్దరూ ఆగిపోయారు. ముందుగదిలో, ఒకప్పుడు ఊరి వాతావరణం చెప్పేటప్పుడు వచ్చే పాత సంగీతం వినిపిస్తోంది. ఛానెల్‌వాళ్లు ఎప్పుడో ఎత్తేసిన ఆ నీలం తెర టీవీలో వెలుగుతోంది. దాని మీద పోయిన వసంతంలో సుడిగాలి వచ్చిన రాత్రి తేదీ, కింద తెల్లటి అక్షరాలు: సుడిగాలి రావడానికి పది నిమిషాలుంది. కర్టిస్‌ను లేపండి.

"ఇప్పుడా చెప్పేది, సిగ్గులేని వెధవల్లారా!" వెర్నా చేతిలోని కంచం తెరకేసి కొట్టింది. కంచం ముక్కలైంది. సంగీతం ఆగలేదు.

డెల్బర్ట్ బూట్లు తొడుక్కున్నాడు. గోధుమ చేల అవతల, కర్టిస్ ట్రెయిలర్ ఉండిన ఖాళీ జాగా వైపు పరుగెత్తాడు.