ఇల్లు చూసి నెట్టు

"మీ సిబిల్ స్కోరు బాలేదండీ, కనెక్షను ఇవ్వలేం" అంది కొత్తపేట నెట్ ఆఫీసులో అమ్మాయి, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

తాతాజీ స్కోరు బాగుండే అవకాశమే లేదు. టీవీ వాయిదాలు నాలుగు కట్టి అయిదోది మర్చిపోయాడు. టీవీ చూడ్డం మాత్రం మర్చిపోలేదు. ఫోనూ అంతే, మిక్సీ కూడా అంతే. ఆ ఇంట్లో నెల తప్పకుండా జరిగేది ఒక్కటే, వాళ్లమ్మ సూర్యావతికి పింఛను రావడం.

"మా అమ్మాయికి ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగం వచ్చిందండీ. సోమవారంలోగా నెట్ లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట" అని బతిమాలాడు.

పక్కన యామిని చున్నీ కొస మెలిపెడుతూ నిలబడింది. కొబ్బరితోటల మధ్య వాళ్లింట్లో ఫోను సిగ్నలు రాదు. కాలవ గట్టు మీద కూర్చుని పనిచేస్తానంటే ఒప్పుకునే కంపెనీ ఇంకా పుట్టలేదు.

"అయితే మా మనిషొచ్చి ఇల్లు చూస్తారండీ. పరిస్థితి బాగుందనిపిస్తే ఇచ్చేస్తారు. రేపో ఎల్లుండో వస్తారు."

మర్నాడు తెల్లారేసరికి ఇంటి పరిస్థితి బాగుపడ్డం మొదలైంది. పక్కింటి దొరబాబు కారు వీళ్ల గుమ్మం ముందుకొచ్చింది. అతని సోఫా హాల్లోకొచ్చింది. రేషన్ బియ్యం బస్తా మంచం కిందకి పోయింది. తాతాజీ భార్య అనురాధ చేతులకి తోటికోడలి గాజులొచ్చాయి. సూర్యావతి చీర మరీ పాతదని ఆవిణ్ణి వెనక గదిలో కూర్చోబెట్టారు.

పదకొండింటికి గుమ్మం ముందు బండి ఆగింది. దిగినాయన చేతిలో ట్యాబు, మెడలో కార్డు.

"కొత్తపేట ఆఫీసు నుంచండీ. ఇల్లు చూసి వివరాలు రాసుకోవాలి."

"ఆయ్, రండి రండి! మీకోసమే చూస్తున్నామండీ" అని తాతాజీ కొబ్బరిబొండం కొట్టి చేతిలో పెట్టాడు.

ఆయన కాస్త ఆశ్చర్యపోయాడు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆయనకి మంచినీళ్లు పుట్టడమే కష్టం.

"బయట కారు మీదేనాండీ?"

"మాదేనండీ. షికారుకి ఉంచుకున్నాం."

"పొలం?"

"పన్నెండెకరాలండీ."

అదీ పూర్తిగా అబద్ధం కాదు. ఆ పన్నెండెకరాల్లోనే తాతాజీ కూలికి వెళ్తాడు.

"కరెంటెంత కాలుద్దండీ?"

"మూడొందల యాభై యూనిట్లకి తగ్గదండీ. రెండు ఏసీలు కదండీ మరి."

ఆయన గోడలకేసి చూశాడు.

"సర్వీసింగుకిచ్చేమండీ" అంది అనురాధ, గాజులు గలగలలాడిస్తూ.

"అబ్బాయి?"

"మణికంఠండీ. కువైట్‌లో ఉంటాడు. నెలకి లక్ష పంపుతాడు."

మణికంఠ ఇప్పటిదాకా పంపింది ఖర్జూరాల పొట్లం ఒక్కటే.

ఇంతలో వెనక గది తలుపు తెరుచుకుంది. సూర్యావతి తొంగిచూసింది.

"ఒరేయ్ తాతాజీ, మొన్న నా వేలు పట్టుకుంది ఈ అబ్బాయేరా!"

తాతాజీ మొహం మాడిపోయింది. "మా అమ్మకి మతి సరిగ్గా లేదండీ. ఏమనుకోకండి" అని గబగబా వెళ్లి తలుపు గడియ పెట్టేశాడు.

ఆయనేమీ అనుకోలేదు. రాసుకున్నదంతా ఒకసారి చదివి వినిపించాడు.

"అన్నీ నిజాలేనాండీ? తర్వాత కాదంటే కుదరదు."

"అచ్చమైన నిజాలండీ! చాలకపోతే ఇంకో రెండెకరాలు రాసుకోండి."

"ఇది చాలండీ" అని ఆయన వేలిముద్ర మిషను ముందుకి జరిపాడు. తాతాజీ బొటనవేలు చొక్కాకి తుడుచుకుని మరీ నొక్కాడు.

గుమ్మం దాటుతున్నాయన్ని చూసి యామిని ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పింది.

"సోమవారంలోగా కనెక్షను వచ్చేస్తుందాండీ?"

"కనెక్షనేంటమ్మా? మీ రేషన్ కార్డూ మామ్మగారి పింఛనూ ఉంచాలా తీసెయ్యాలా అని చూడ్డానికొచ్చేను నేను."