గుమ్మానికడ్డం

కానిస్టేబులు ఇస్సాకు డ్యూటీకి వచ్చేసరికే సారా కొట్టు గుమ్మానికి అడ్డంగా, మూసిన తలుపుకి వీపు ఆనించి ఓ ముసలమ్మ కూర్చుని ఉంది.

ఏలూరులో వారం రోజులుగా ఇదే తంతు. ఖద్దరు కట్టిన ఆడవాళ్ళు సారా కొట్ల ముందు బైఠాయించడం, పోలీసులు ఎత్తి బండిలో వేయడం. నిన్న ఈ కాలవగట్టు కొట్టు దగ్గరే పదకొండు మందిని పట్టుకుపోయారు. ఇవాళ ఎలాగైనా కొట్టు తెరిపించాలి, లేకపోతే టోపీ, బెల్టు అప్పజెప్పి ఇంటికి పొమ్మని ఇనస్పెక్టరుగారి ఆర్డరు.

"మామ్మా, లేవండి" అన్నాడు మర్యాదగా.

"లేవను."

ఆవిడ పెద్దింటమ్మ. కొల్లేటి నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో అమ్ముకుంటుంది. నోరు విప్పిందంటే బజారంతా తప్పుకుని నడవాల్సిందే.

"లేవకపోతే ఎత్తి అవతల పెట్టాల్సొస్తుందండీ."

"పెట్టి చూడు. నా పెనిమిటిని మింగింది ఈ కొట్టే. నేనుండగా దీని తలుపు తెరుచుకోదు."

కొట్టు వేలంలో పాడుకున్న అంకయ్య తాళంచెవి ఊపుకుంటూ వచ్చాడు.

"చూశారండీ పొగరు! దర్జాగా కాలు చాపి, పాదం పక్కకి వాల్చేసి, పుట్టింటి అరుగనుకుంది కాబోలు. కాస్త కాలు ముడవమనండి, దాటుకుని లోపలికి పోతాను."

పెద్దింటమ్మ కాలు ముడవలేదు. అంగుళమైనా జరపలేదు.

ఇస్సాకు, ఇంకో కానిస్టేబులు చెరో రెక్కా పట్టుకున్నారు. అంతే, ముసలమ్మ పెట్టిన కేక కాలవ అవతలి గట్టుకి వినబడింది. ఆ వెనకే వచ్చిన తిట్లు కాగితం మీద పెట్టదగ్గవి కావు. ఇద్దరూ హడలిపోయి వదిలేశారు. వీధిలో ఆడవాళ్ళు చేతిలో పనులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"డెబ్భై ఏళ్ళ మనిషికున్న తెగువ మనకి లేకపోయిందే!" అని సుందరమ్మ అనే ఇల్లాలు పక్కనే చతికిలబడింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. మధ్యాహ్నానికి గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు.

ఇనస్పెక్టరు వచ్చాడు. లాఠీ నేలకేసి కొట్టాడు. పెద్దింటమ్మ మొహమంతా చెమటలు కారుతున్నాయి గాని చూపు మాత్రం తిప్పలేదు.

"కొట్టండి బాబూ. కొట్టినా లేవను."

అంతమంది ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకునే ధైర్యం ఆయనకీ చాలలేదు. ఇస్సాకు వంక కొరకొరా చూసి మోటారెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేసరికి అంకయ్య ఓపిక అయిపోయింది. ఉన్న తాళం పక్కన ఇంకో తాళం తగిలించాడు. ఈ యేడాదికి ఈ కొట్టు తెరిస్తే ఒట్టని అందరి ముందూ చెప్పి ఇంటిముఖం పట్టాడు. గట్టంతా జేజేలతో మోగిపోయింది.

ఇస్సాకు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఉద్యోగం పోయినట్టే. అయినా ముసలమ్మ మీద కోపం రాలేదు సరికదా, దండం పెట్టాలనిపించింది.

"గెలిచారు మామ్మా. మీలాంటి సత్యాగ్రహిని నేనింతవరకూ చూళ్ళేదండీ. ఇప్పుడైనా లేవండి" అని చెయ్యి అందించాడు.

"తాళాలు గట్టిగా పడ్డాయా?"

"పడ్డాయండి."

"అయితే ఓ మంచం తెప్పించు నాయనా, నేను సత్యాగ్రహానికి రాలేదు, పొద్దున్నే చేపలమ్ముకోడానికి పోతూ ఈ మెట్టు మీద జారిపడి తుంటెముక విరగ్గొట్టుకున్నాను, ఆ మాటంటే మోసుకుపోయి కొట్టు తెరిచేస్తారని చెప్పలేదంతే!"